పాచి సారు దీపం

సాయంత్రం పుత్తూరు నుంచి తిరుపతికి వస్తున్నాను. బస్సు వడమాలపేట దాటాక కండక్టరు నా దగ్గరికొచ్చి, టికెట్టు చేతిలో పెడుతూ, "పాచి సారు పోయినాడు, తెలుసునా?" అన్నాడు. అతని మొహంలో విచారం లేదు. నా మొహంలోనూ అతనికి ఏమీ కనిపించి ఉండదు.

ఆ కండక్టరుది సత్యవేడు. ఒకప్పుడు నేనూ అతనూ తిరుపతి యూనివర్సిటీలో ఒకే మనిషి కింద రిసెర్చి చేశాం. ఇద్దరం పేరు ముందు డాక్టరు అని పెట్టుకోవాలని వచ్చినవాళ్లమే. అతను ఇప్పుడు టికెట్లు కొడుతున్నాడు, నేను పుత్తూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఆకులో భాగాలు చెబుతున్నాను. రెండూ పాచి సారు పుణ్యమే.

"పొద్దున్నే ఎత్తుతారంట. పోతావా?" అని అడిగాడు. పోతానన్నాను. "నేను రాను. డ్యూటీ ఉండాది" అని రెండు సీట్లు ముందుకు పోయి, మళ్లీ వెనక్కి తిరిగి, "డ్యూటీ లేకున్నా రాను" అన్నాడు.

చచ్చిపోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఆయన బతికున్నవాళ్ల గురించి ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. కాబట్టి ఆ మర్యాద ఆయన విషయంలో నాకు అక్కర్లేదనుకుంటున్నాను.

పాచి సారు అన్నది ఊరు పెట్టిన పేరు. ఊళ్లో అందరూ తొట్లలో పాచి పడితే కొబ్బరి పీచు పెట్టి గీకి పారేస్తారు. ఆయన పనిగట్టుకుని పెంచేవాడు. కిరసనాయిలు కోసం జనం డబ్బాలు పట్టుకుని కొట్లాడుకునే రోజులవి. నీళ్లలో పెరిగే ఆ పచ్చటి పాచిలో, కంటికి కనపడనంత చిన్న ఆ మొక్కల్లో, నూనె ఉంటుందని ఆయన నమ్మకం. ఎండా నీళ్లూ ఉంటే చాలు, పొలం కూడా అక్కర్లేదు. పెంచి, ఎండబెట్టి, పిండితే దీపం వెలుగుతుంది. మోటార్లు తిరుగుతాయనీ బస్సులు నడుస్తాయనీ ఆయన అనలేదు. ఆ మాటలు కాగితాల మీద రాసి ఢిల్లీ నుంచి స్కీము తెచ్చింది మా డిపార్టుమెంటు హెడ్డు. సారు కోరిక ఒక్కటే: ఒక దీపం, ఒక పొద్దంతా. రిటైరయ్యేలోపల అది చూడాలి.

డిపార్టుమెంటు వెనక, కొండకు ఎదురుగా, సిమెంటు తొట్లు కట్టించాడు. ఉడకబెట్టిన పాలకూర నీళ్లలా ఉండేవి ఆ నీళ్లు. అడుగున ఉన్న పాచికి కూడా ఎండ తగలాలి కాబట్టి చెక్క తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. ఎండ ఎంత మాడితే ఆయనకు అంత సంబరం. చెప్పులు కాలే వేళకు బయటికొచ్చి, నీడకు జరిగినవాళ్లను చూసి, "పాచికి గొడుగు పట్టినావా, నీకు పట్టుకున్నావా?" అనేవాడు.

సన్నగా, పొడుగ్గా, ప్యాంటు పిక్కల దాకా మడిచి, హవాయి చెప్పుల్లో ఉండేవాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ పచ్చదనం. తొట్లో వేలు ముంచి నాలిక మీద రాసుకుని, ఉమ్మి, మనం ఏదైనా పుస్తకం పట్టుకుని ఉంటే దాని అట్టకు వేలు తుడిచేవాడు. జేబులో పెన్ను ఉండేది కాదు, ఫిల్టరు కాగితాలు ఉండేవి. గుండ్రటి తెల్ల కాగితాలు. ఎండిన పాచిని వాటి మధ్య పెట్టి నొక్కి, మరక పడిందా లేదా అని వెలుతురుకు ఎత్తి చూడడం ఆయన అలవాటు. తర్వాతర్వాత కనపడ్డ ప్రతిదాన్నీ నొక్కడం మొదలుపెట్టాడు. క్యాంటీను వడను నొక్కేవాడు. ఎవరో కొండ నుంచి తెచ్చిన లడ్డును నొక్కేవాడు. హెడ్డు కూతురి పెళ్లిలో, పంక్తిలో కూర్చుని, ఆకులో వడ్డించిన మైసూరుపాకును నొక్కి, కాగితం ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "డాల్డా" అన్నాడు. గొంతు తగ్గించడం ఆయనకు చేతకాదు. అంతా నేతితో చేయించానని పొద్దుటి నుంచీ వియ్యంకులకు చెబుతూ తిరుగుతున్న హెడ్డు అక్కడే, వడ్డించేవాళ్ల పక్కనే నిలబడి ఉన్నాడు. సారు ఆ మైసూరుపాకును వదలకుండా తిన్నాడు కూడా.

ఆయన నోట్లో ఒకటే మాట. "సూసినావా, అనుకున్నావా?" ఏది చెప్పినా ఇదే ప్రశ్న. ప్యూను వచ్చి హెడ్డు పిలుస్తున్నాడంటే, పిలవడం చూసినావా, అనుకున్నావా? వాన వస్తుందంటే, మబ్బు చూసినావా, అనుకున్నావా? మొదట్లో మాకు నవ్వొచ్చేది. తర్వాత ఆ మాట వినపడితే పక్క తొట్టి దగ్గరికి జరిగేవాళ్లం.

సత్యవేడు అతని సంగతి చెబుతాను. శెనక్కాయలు పెరికే కాలంలో ఇంటికి పోయి, కూలోళ్లు దొరక్క కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చి, తాను లేని రోజులకు కూడా, పాచి ఎంత పెరిగిందో రోజూ రాయాల్సిన తొట్టి రీడింగులు ఊహించి వేసేశాడు. ఎవరైనా చేసే పనే. సారు మమ్మల్నందరినీ తొట్టి దగ్గరికి పిలిచి, అతని చేతే ఆ రీడింగులు గట్టిగా చదివించాడు. ఒకచోట ఆపి, ఆ పొద్దు ఎండ ఎట్లా ఉండిందని అడిగాడు. బాగా కాసింది సార్, అన్నాడు ఇతను. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. సారు ఆ ముసురులో తడుస్తూ ఆ తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు. "సూసినావా, అనుకున్నావా?" అన్నాడు, అరవకుండా. సంచి తీసుకుని పొమ్మన్నాడు. ఇతను కాళ్ల మీద పడబోతే కాళ్లు వెనక్కి తీసుకుని, "ఈడ పాచి ఉండాది, జారి పడతావు" అన్నాడు. అంత పెద్ద మగమనిషి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను తల వంచుకుని తెడ్డు తిప్పుతూనే ఉన్నాను.

నన్ను కూడా ఆయన వదల్లేదు. ఒకసారి బంగారుపాళెం నుంచి మా నాయన మామిడికాయల గంప ఎత్తుకుని నన్ను చూడటానికొచ్చాడు. సారు ఒక కాయ తీసి వాసన చూసి, "మీ పాపకు తెలివి లేదు, ఓపిక ఉండాది. ఈ పనికి ఓపిక సాలు" అన్నాడు. మా నాయన దాన్ని మెచ్చుకోలు అనుకుని, ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. నేను దిద్దలేదు.

ఇంట్లో కూడా ఇంతేనా అని నాకు అనుమానంగా ఉండేది. మధ్యాహ్నం ఆయన భార్య రిక్షాలో క్యారియరు తెచ్చేది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. గోడ పట్టుకుని నడిచేది. ఒక రోజు కొత్త చీర కట్టుకుని వచ్చి, రంగు ఎట్లా ఉందని మమ్మల్ని అడిగింది. బాగుందమ్మా అన్నాం అందరం. సారు క్యారియరు విప్పుతూ, "నీకు బాగలేదు. పొట్లకాయకు గుడ్డ సుట్టినట్టుండాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం నవ్వి, ఆయన చేయి కడుక్కోవడానికి పోయాక నాతో, "మీరంతా బాగుండాదంటారు పాపా. నాకు కండ్లు ఆయనొక్కడే" అంది. ఆ ముసలామెకు మతి కూడా పోతోందనుకున్నాను.

మూడో ఏడు ఎండాకాలంలో నా తొట్టిలో పాచి బాగా పట్టింది. గుడ్డలో వడగట్టాను, పళ్లాల్లో ఆరబోశాను, పొడి కొట్టాను, ఈథరులో కడిగాను. ఈథరు ఎగిరిపోయాక గిన్నె అడుగున మిగిలింది నూనె. ముదురు ఆకుపచ్చ, చిక్కగా, చేపల బుట్ట వాసన. ఎంతని? హోమియో మాత్రలు ఇచ్చే చిన్న గాజు సీసా ఉంటుందే, అది నిండింది. నా అరచేతుల్లో చర్మం ఊడిపోయింది దానికి. సారు సీసా ఎండకు పట్టి చూసి, "ఇంతేనా" అన్నాడు. జేబులో వేసుకున్నాడు. ఒక వత్తి తడిపి వెలిగించి చూద్దాం సార్ అన్నాను. "సాలదు. దీపమంటే పొద్దంతా వెలగల్ల" అన్నాడు. ఆ సీసా ఆనాటి నుంచి ఫిల్టరు కాగితాల పక్కన ఆయన జేబులోనే ఉండేది.

స్కీము గడువు ముగిసే వేళకు నా థీసిసు ఇంకో ఆరునెలల్లో అయిపోయే స్థితిలో ఉంది. స్కీము పొడిగిస్తే నాకు ఫెలోషిప్పు వస్తుంది, థీసిసు పూర్తవుతుంది. పొడిగించకపోతే పెట్టె సర్దుకోవడమే. ఈ సంగతి సారుకు తెలుసు, హెడ్డుకు తెలుసు, రోజూ నా గది అద్దె అడిగే ఇంటామెకు కూడా తెలుసు.

తనిఖీకి ఢిల్లీ నుంచి ఆఫీసరు వస్తున్నాడన్నారు. తిరుపతిలో ఏ తనిఖీ అయినా దర్శనం తర్వాతే కదా. ఆఫీసరు మనవాడే, కోస్తా వైపు మనిషి. కుటుంబంతో వచ్చి, కొండెక్కి, గుండు కొట్టించుకుని, దర్శనం చేసుకుని, ఆ తర్వాత మా తొట్లు చూస్తాడు. అలిపిరి దగ్గరికి కారుతో పోయి ఆయన్ను తీసుకురావడం సారు పని. హెడ్డు కావాలనే సారును పంపాడు, ఒక గంటసేపన్నా మర్యాద నేర్చుకుంటాడని.

బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయి. ఉత్సవాలకు ముందు మున్సిపాలిటీవాళ్లు ఊళ్లో నిలవ నీళ్లు ఎక్కడ కనపడితే అక్కడ దోమల నూనె పోసిపోతారు. ఏటా వాళ్లు మా తొట్ల మీదికి వస్తారు, ఏటా సారు తెడ్డు ఎత్తి తరుముతాడు. ఈసారి సారు అలిపిరికి పోయి ఉన్నాడు. నేను క్యాంటీను నుంచి వచ్చేసరికి పంపులు భుజానికెత్తుకుని వెళ్లిపోతున్నారు. "పాసి పట్టిన నీళ్లమ్మా, దోమలు గుడ్లు పెడతాయి. అన్నిట్లో పోసినాము, భయం లేదు" అన్నాడు వాళ్ల మేస్త్రి, నాకేదో మేలు చేసినట్టు.

తొట్ల మీద నూనె తెట్టు కట్టింది. ఎండకు ఆ తెట్టు రంగులు తిరుగుతోంది. పరుగెత్తుకుంటూ పోయి హెడ్డుకు చెప్పాను. ఆయన కాసేపు నన్నూ గోడనూ చూసి, ఎవరికీ చెప్పొద్దు, నీ డిగ్రీ కావాలా వద్దా అన్నాడు. కావాలన్నాను.

ఆఫీసరు కారు దిగాడు. గుండు మీద చందనం ఇంకా తడిగా ఉంది. అలిపిరి దగ్గర వేసిన పూలదండ కూడా మెడలోంచి తీయలేదు. తొట్టి దగ్గరికొచ్చి వంగి చూసి, వేలు పెట్టి, వేలును వేలుతో రాసి, అలాగే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నూనె కదండీ ఇది. పొద్దున స్వామిని ఇదే అడిగానండీ, నేను చూసే స్కీముల్లో ఒక్కటైనా ఫలించేలా చెయ్యమని" అన్నాడు. హెడ్డు రెండు చేతులూ కట్టుకుని, అంతా స్వామి దయ అన్నాడు. చందనం ఘాటులో ఆఫీసరుకు వాసన తెలియలేదో, తెలుసుకోవడం ఇష్టం లేదో నాకు తెలియదు. కాగితం మీద సంతకం పెట్టడానికి జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

సారు తొట్లో వేలు ముంచాడు. నాలిక దాకా పోనివ్వలేదు, ముక్కు దగ్గరే ఆగింది. హెడ్డు ఆయన వైపు చూశాడు. నేనూ చూశాను. నా బతుకులో నేను ఎవరినీ అంత బతిమాలుకుంటూ చూడలేదు. ఆయన ఏమీ మాట్లాడక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

"స్వామి కాదు, మున్సిపాలిటీ. ఇది దోమల నూనె. నేను లేనప్పుడు పోసిపోయినారు. నా పాచి సచ్చిపోయినాది" అన్నాడు సారు.

హెడ్డు ఏదో సర్దబోయాడు. సారు వినలేదు. "గుండు కడుక్కోని వచ్చి మల్లా వాసన సూడండి" అన్నాడు ఆఫీసరుతో. జేబులోంచి నా సీసా తీసి ఆయన చేతిలో పెట్టి, "మూడేండ్లలో వచ్చింది ఇది" అన్నాడు.

ఆఫీసరు మొహం మాడిపోయింది. సీసాను అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా అండీ" అన్నాడు.

"ఇంతే" అన్నాడు సారు.

పెన్ను జేబులోకి పోయింది. కారు కూడా పోయింది. సారు ఒక్కడే తొట్ల చుట్టూ తిరిగి, చచ్చి తెల్లబడుతున్న పాచిని తెడ్డుతో కాసేపు కలిపి, కలిపి ప్రయోజనం లేదని తెలిసి తెడ్డు కింద పెట్టాడు. నా వైపు చూడనైనా చూడలేదు. స్కీము ఆగిపోయింది. పాచి పిల్ల అని పేరు పడ్డ నన్ను ఇంకో గైడు ఎవరూ తీసుకోలేదు. తర్వాతి ఏడాది ఆయన రిటైరయ్యాడు, దీపం చూడకుండానే. నాకు అది తెలిసి సంతోషం కలిగింది. దాచుకోవలసిన పని లేదు, సంతోషమే కలిగింది.

కొన్నేళ్లకు మా వీధి చౌక దుకాణం దగ్గర, కిరసనాయిలు క్యూలో, నా ముందర ఆయన డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. దేవుడికి కూడా ఆయన మీద కోపం ఉన్నట్టుంది. నేను ఊరుకుంటే బాగుండేది, ఊరుకోలేదు. ఆ పొద్దు మీరు ఒక్క మాట మింగి ఉంటే నేను డాక్టరయ్యేదాన్ని సార్, అన్నాను. అందరూ తిరిగి చూశారు. ఆయన నింపాదిగా డబ్బా కింద పెట్టి, "వాళ్లు పోసిపోయేది నువ్వు సూసినావు గదా, మేస్త్రి చెప్పినాడు. నా కంటే ముందు నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు.

నేను డబ్బా తీసుకుని క్యూలోంచి బయటికొచ్చేశాను.  అడిగినంత మాత్రాన ఆయన చేసింది సరైనదని కాదు. ఆరునెలలు ఆగి చెప్పి ఉండొచ్చు. ఆ పాచి ఎటూ చచ్చింది, బతికున్నది నేను.

పొద్దున్నే వాళ్లింటికి పోయాను. రైలు గేటు పక్క సందు. చుట్టాలు నలుగురైదుగురే ఉన్నారు. పాత విద్యార్థి అంటూ నేను తప్ప ఎవరూ రాలేదు. గడ్డానికి గుడ్డ కట్టారు. ఆయన నోరు మూసుకుని ఉండగా నేను చూడటం అదే మొదలు. భార్యకు ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. తలాపున ప్రమిద పెట్టుకుని కూర్చుంది. శవాన్ని ఎత్తేదాకా ఆ దీపం ఆరకూడదు. ఆమె నా గొంతు గుర్తుపట్టి, "పాపా, నువ్వా" అని పక్కన కూర్చోబెట్టుకుంది. రాత్రి పోసిన నూనె అయిపోవచ్చిందంట. కొంగు ముడి విప్పి సీసా తీసింది. ఆయన చొక్కా జేబులో ఉండిందని చెప్పింది. "ఒక దీపం వెలిగితే సాలు అనేవాడు. వెలిగిస్తాము" అంది.

నా సీసా. లోపల నూనె నల్లబడి, మైనంలా గడ్డ కట్టింది. ఎవరో అగ్గిపుల్ల మీద వేడి చూపించి కరిగించి, కొత్త ప్రమిదలో పోసి, కొత్త వత్తి వేసి అంటించారు. నేను ప్రమిద దగ్గరికి జరిగాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మూడేళ్ల ఎండ అది, నా చేతుల చర్మం అది. వత్తి అంటుకుంది. చిటపటమంది. నల్లటి పొగ సన్నగా లేచింది. కాలిన చేప వాసన వేసింది. వత్తి కొన ఎర్రబడి, నల్లబడింది.

 ఆమె చేయి చాపి, నేల తడిమి, "వెలుగుతా ఉండాదా?" అని అడిగింది.

"వెలుగుతా ఉండాది పెద్దమ్మా" అంది ఒకామె. "బాగా వెలుగుతా ఉండాది" అన్నాడు ఇంకొకాయన, అగ్గిపెట్టె కోసం జేబులు వెతుక్కుంటూ. నన్ను చూసి, అవునని చెప్పమన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ఆమె మొహం వాళ్ల వైపు తిరగలేదు, నా వైపే ఉంది.

"పాపా" అంది.

"లేదమ్మా. ఆరిపోయినాది" అన్నాను.

ఎవరో నన్ను తిట్టారు. ఆమె చేయెత్తి వాళ్లను ఆపింది.

"సూసినావా?" అని అడిగింది.

"సూసినాను."

"అయితే ఆ సీసా తీసేసి, శెనిగనూనె పోయండి" అంది.

పాత ప్రమిదలో పోశారు. ఆ దీపం ఆయన్ను ఎత్తేదాకా నిక్షేపంగా వెలిగింది.